పన్నెండో దబ్బనం

పెంచలనరసింహం మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. లేచి వెళ్లి, తాగిన కప్పు తానే కడిగి, తుడిచి, బోర్లించి, అప్పుడు వచ్చి కూర్చుని "ఇప్పుడు అడుగు" అంటారు. ఆ కాస్త వ్యవధిలో మనిషి పైపై ప్రశ్న వదిలేసి అసలు ప్రశ్నకు వస్తాడని ఆయన నమ్మకం. సముద్రం ఒడ్డున ఉన్న ఆ రాకెట్ కేంద్రంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనా, మనుషుల్ని ఆకాశంలోకి పంపే పనిలో కొత్తగా చేరినవాళ్లకు భద్రత పాఠాలు చెప్పడానికి ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు. ఆయన పాఠాల్లో యంత్రాల పేర్లు తక్కువ, మనుషుల తప్పులు ఎక్కువ. అందుకని పై అధికారులకు ఆయనంటే గౌరవమూ ఉంది, కాస్త ఒళ్లుమంటా ఉంది.

ఒక మధ్యాహ్నం ఆయన గదికి యామిని వచ్చింది. మూడేళ్ల కిందట ఆయన దగ్గర పాఠం విన్న పిల్ల. ఇప్పుడు వ్యోమగాములు కూర్చునే గదికి గాలి అందించే గొట్టాలను తనిఖీ చేసే పని ఆమెది. చేతిలో ఒక కాగితం నాలుగు మడతలు పడి ఉంది. మొహం చూస్తే పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లైనా ముట్టినట్టు లేదు.

విషయం ఇది. ఇంకో పదహారు రోజుల్లో ముగ్గురు మనుషులతో రాకెట్ లేవాలి. గాలి గొట్టంలో ఒక వాల్వు, మూసుకోవలసిన క్షణానికి అర సెకను ఆలస్యంగా మూసుకుంటోంది. గత రెండు ప్రయాణాల్లోనూ ఆలస్యంగానే మూసుకుంది, ఏమీ కాలేదు. అందుకని తనిఖీ కాగితంలో "గతంలో వలెనే" అని రాసి అందరూ సంతకాలు పెట్టేశారు. యామిని ఒక్కతే పెట్టలేదు. ఆ ఆలస్యం ప్రతి ప్రయాణానికీ రవ్వంత పెరుగుతోందని ఆమె అనుమానం. అనుమానమే, రుజువు లేదు. వాల్వు విప్పి చూస్తే గానీ తెలియదు, విప్పితే ప్రయాణం నెల రోజులు వెనక్కి పోతుంది. సమావేశంలో ఇరవైమంది ఒక్కసారిగా ఆమె వైపు చూశారు. ఆమె పై అధికారి మాత్రం ఎంతో ఆప్యాయంగా, "అమ్మా, ఈ గదిలో ఉన్నవాళ్ల అనుభవం కలిపితే నాలుగు వందల ఏళ్లు. కాస్త వినయం నేర్చుకో" అన్నాడు. అని, అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నట్టు కాగితం కూడా తానే టైపు చేయించి ఆమె చేతిలో పెట్టాడు. నాలుగింటిలోగా సంతకం చేసి పంపాలి. పంపకపోతే ఆమె ఈ పనిలో ఉండదన్న సంగతి ఎవరూ నోటితో అనలేదు. అనకపోయినా అందరికీ అర్థమైంది.

"వినయమంటే ఏమిటి మాస్టారూ?" అని అడిగింది యామిని.

మాస్టారు లేచి వెళ్లి కప్పు కడిగారు. తుడిచారు. బోర్లించారు. వచ్చి కూర్చుని, "ఇప్పుడు అడుగు" అన్నారు.

యామిని గొంతు ఈసారి కిందికి దిగింది. "నా మాట మీద విప్పించాక, లోపల ఏమీ లేదని తేలితే? నేను ఈ కేంద్రంలో ఏ మొహం పెట్టుకుని తిరగాలి?"

"మస్తాన్‌బీ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు కదూ," అన్నారు మాస్టారు. అని, ఇది చెప్పారు.

మస్తాన్‌బీది నెల్లూరు కోటమిట్ట. ఇరవై ఏళ్లు బడిపిల్లల యూనిఫాంలు కుట్టిన చెయ్యి ఆవిడది. కేంద్రంలో పారాచూట్లు మడిచే హాలు మొదలుపెట్టినప్పుడు కుట్టుపని తెలిసినవాళ్లు కావాలంటే కాంట్రాక్టు మీద వచ్చి, పదేళ్లు తిరిగేసరికి ఆ హాలుకు పెద్ద దిక్కయింది. అంత రాకెట్టూ తన పని తాను చేసుకుని సముద్రంలో పడిపోతుంది. పైకి వెళ్లినవాళ్లు ప్రాణాలతో కిందికి దిగడం మాత్రం ఆడవాళ్లు చేత్తో మడిచిన గుడ్డ మీద ఆధారపడి ఉంటుంది. ఆ గుడ్డ పరిస్తే పెద్ద పెళ్లిపందిరంత. దాన్ని మూడు రోజులు మడిచి, యంత్రంతో నొక్కి నొక్కి, మేకు కూడా దిగనంత గట్టి మూటగా చేస్తారు.

ఆ హాలుకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. లోపలికి వచ్చేవాళ్లకు గాజులు ఉండకూడదు, పిన్నులు ఉండకూడదు, వేసుకునే తెల్లకోటుకు జేబులు ఉండకూడదు. మడతలు సర్దే దబ్బనాలు పన్నెండు. గుడ్డకు గీత పడకుండా ప్లాస్టిక్కుతో చేసినవి. మూటలో ఒకటి చిక్కుకుంటే ఎక్స్‌రే తీసినా కనబడదు, అయస్కాంతానికీ అంటదు. అందుకే గోడమీది చెక్కపై ఒక్కోదాని ఆకారం ఎర్రరంగుతో గీసి పెట్టారు. పని ముగిశాక పన్నెండూ వాటి గీతల్లో వేలాడాలి. అది చూసుకున్నాక, మూట మూతికి చివరి ముడి ఆ మూట మడిపించిన మనిషి తన చేత్తో వెయ్యాలి. ఆ ఎర్రదారం ముడి లేకుండా మూట గడప దాటదు.

అంత గట్టి నియమానికీ ఒక కన్నం పడింది. అప్పటికి రెండుసార్లు, మనుషులెక్కని రాకెట్ల మూటలకు ముడి వేసే వేళ, చెక్కమీద పదకొండే తేలాయి. రెండుసార్లూ పన్నెండోది మర్నాడు బల్లకింద దొరికింది. రెండుసార్లు కలిసొచ్చేసరికి అదే పద్ధతి అయి కూర్చుంది. మామూలు మనుషులు ఒక తప్పు చేస్తే నాలుగు రోజులకు మర్చిపోతారు. చదువుకున్నవాళ్లు దానికి రబ్బరు ముద్ర చేయిస్తారు. "తరువాత సరిచూడబడును" అని ఒక ముద్ర తయారై, హాలు అధికారి బల్లమీద ఇంకుప్యాడు పక్కన స్థిరపడింది. ఆ అధికారి పెంచలనరసింహమే. అప్పుడాయనకు నలభై రెండేళ్లు, పేరు ముందు డాక్టరేటు, కళ్లు నెత్తికెక్కిన రోజులు. ఈ మాట ఆయనే అన్నారు.

ఆ కేంద్రం నుంచి మొదటిసారి మనుషులు ఎక్కబోతున్న ప్రయాణం అది. ఇద్దరు. ఇంకా పందొమ్మిది రోజులుంది. ఢిల్లీ నుంచి పెద్దలు వస్తారని రోడ్లకు తారు కూడా వేస్తున్నారు. సాయంత్రం ఐదింటికి మూట నొక్కడం పూర్తయింది, ట్రాలీ గుమ్మంలోకి వచ్చి ఆగింది, చెక్కమీద చూస్తే పదకొండు దబ్బనాలు. బల్లల కింద, చాపల కింద, చివరికి చీపుళ్లలో కూడా వెతికారు. లేదు. పెంచలనరసింహం అలవాటుగా ముద్ర తీసి రిజిస్టరులో కొట్టి, "ముడి వెయ్యి మస్తాన్‌బీ," అన్నారు.

ఎర్రదారం ఆవిడ వేలికి చుట్టి ఉంది. దాన్ని విప్పి బల్లమీద పెట్టింది.

"నేను వెయ్యను సార్. అది లోపల ఉండాదేమో."

"రెండుసార్లూ బయటే కదా దొరికింది?"

"అది ఆ రెండుసార్లు సంగతి. ఈసారి సంగతి నాకు తెలవదు."

ఆయన ఓపిక తెచ్చుకుని వివరించారు. దబ్బనం ఒకవేళ లోపల ఉన్నా, గుడ్డ విచ్చుకునేటప్పుడు అది ఒక తాడుకు అడ్డుపడి చిరుగు పట్టే అవకాశం వందలో ఒకటి. పెద్దవాళ్లు లెక్కకట్టి చెప్పిన మాట.

"వందమంది ఎక్కతా ఉండారా సార్? ఎక్కేది ఇద్దరే గదా," అంది మస్తాన్‌బీ.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆయనకు నిప్పంటించింది. ఇంతమంది చదువుకున్నవాళ్లు సరేనంటుంటే ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఈ మంకుపట్టు ఏమిటన్నారు. మనిషన్నాక కాస్త వినయం ఉండాలన్నారు.

"నాకు చదువు లేదు సార్. అందుకే తెలవదంటా ఉండా. మీకు తెలిస్తే చెప్పండి, అది యాడుందో. ఇప్పుడే ముడేస్తా."

ఆయనకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఇన్నాళ్లూ ఆయనకు ఆ మాట చెప్పే అవసరం రాకుండా తప్పిస్తున్నది రబ్బరు ముద్రే. అది ఆవిడ ముందు పనిచేయకపోయేసరికి ఆయన చేతిలో ఉన్న రెండో ఆయుధం తీశారు. ఈ నెలాఖరుకు నీ కాంట్రాక్టు కాగితం రాసేది నేనే, గుర్తుంచుకోమన్నారు.

"రాయబాకండి. కోటమిట్టలో నా మిషనేం తుప్పుపట్టలా."

"విప్పి చూశాక అందులో లేకపోతే? నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?"

"ఇప్పుడుండే చోటే ఉంటాది సార్. మొహం యాడికి పోద్ది?"

ఇక లాభం లేదని ఆయన రెండో మడతమనిషి నాగరత్నం వైపు తిరిగారు. నాగరత్నం రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఉక్రోషం కొద్దీ ఆయనే దారం అందుకున్నారు. మూడు వందల పేజీల సిద్ధాంత గ్రంథం రాసిన వేళ్లు ఆ నైలాను మూతిమీద మూడుసార్లు ముడివేశాయి, మూడుసార్లూ జారిపోయింది. మస్తాన్‌బీ చూస్తూ నిలబడింది. నవ్వలేదు. అలాగని నేర్పనూ లేదు. ముడి లేని మూట గడప దాటదని రాసిన నియమం కింద ఉన్న సంతకం కూడా ఆయనదే కాబట్టి, పళ్లు నూరుకుంటూ మూట విప్పమన్నారు.

నాలుగు రోజులు పట్టింది. పెళ్లిపందిరంత గుడ్డను అంగుళం అంగుళం చేత్తో తడిమి చూశారు. అందులో ఏమీ లేదు. మూట మళ్లీ మడిచి రాకెట్‌కు ఎక్కించేసరికి ప్రయాణానికి కుదిరిన రోజులు దాటిపోతాయని తేదీ ఇంకో మూడు వారాలు వెనక్కి జరిపారు. పత్రికలు రాశాయి. డైరెక్టరు పెంచలనరసింహాన్ని పిలిచి, గోరంతను కొండంత చేసిన కుట్టుమనిషిని అదుపులో పెట్టలేని అధికారి ఎందుకని అడిగారు. క్యాంటీనులో మస్తాన్‌బీకి "దబ్బనం బీబీ" అని పేరు పడింది. ఆవిడ పళ్లెం పట్టుకుని వస్తుంటే కుర్రాళ్లు బల్లకింద వెతుకుతున్నట్టు నటించేవాళ్లు.

తొమ్మిదో రోజున ఉతికిన తెల్లకోట్లు తిరిగొచ్చాయి. మస్తాన్‌బీ తన కోటు దులిపితే, పైకి మడిచి పెట్టుకునే చేతి మడతలోంచి పన్నెండో దబ్బనం జారి ఒళ్లో పడింది. చూసినవాళ్లు ఎవరూ లేరు. కిటికీలోంచి విసిరేస్తే పీడా పోయేది. ఆవిడ దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకుని హాలు ఆ చివరినుంచి ఈ చివరికి నడిచివచ్చి, దాని గీతలో తగిలించింది. "నా చేతి మడతలోనే ఉండాది. తప్పు నాదే," అని చెప్పి, ఆ సంగతి నాగరత్నం చేత రిజిస్టరులో రాయించింది. ఇకమీదట కోటు చేతులు ఎవరూ మడవకూడదని కూడా రాయించింది.

పెంచలనరసింహానికి దొరకక దొరికిన అదను. అందరి ముందూ అన్నారు: "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ వ్యవహారం."

"అవును సార్," అంది మస్తాన్‌బీ. "ఊరంతా ఎతికినాకే గదా, ఊళ్లో లేడని తెలిసింది."

ఆ సాయంత్రమే ఆయన ఆవిడకు మెమో ఇచ్చారు. అజాగ్రత్త ఒకటి, మొండితనం ఒకటి, రెండు నేరాలు. రెండూ ఒకే మనిషి మీద ఎలా అతికాయో అప్పుడు ఆయనకు తట్టలేదు. ఆవిడ వేలిముద్ర వేసి మెమో తీసుకుంది.

ఆ గుడ్డనే మళ్లీ మడిచారు. మళ్లీ మూడు రోజులు. ఈసారి పన్నెండు దబ్బనాలూ చెక్కమీద ఉన్నాయి. కానీ మడతల మధ్య గుర్తుకోసం పెట్టి, నొక్కేముందు తీసేసే తెల్ల చీటీలు ముప్పై ఉండాలి. నొక్కడం అయ్యాక లెక్కపెడితే ఇరవై తొమ్మిదే తేలాయి. తేదీ ఇంకోసారి తప్పితే మళ్లీ రెండు నెలల దాకా కుదరదు. అందుకని డైరెక్టరే స్వయంగా వచ్చి హాల్లో నిలబడ్డారు. ఆయన వెనక కోట్లు వేసుకున్నవాళ్లు పదిమంది. అందరూ చూస్తున్నది మస్తాన్‌బీని. ఇన్ని రోజులుగా నవ్వులపాలైన మనిషి, చేతిలో మెమో ఉన్న మనిషి, ఇక నోరెత్తదని అందరి ధీమా. "ఊరుకో అక్కా, చీటీముక్కే గదా," అని నాగరత్నం కూడా చెవిలో గొణిగింది.

పెంచలనరసింహం ఆవిడకు మూడడుగుల దూరంలో ఉన్నారు. ఆ దూరం నుంచి ఆయనకు కనబడింది, దారం చుట్టుకున్న ఆవిడ వేలు వణుకుతోంది. పోయినసారి కూడా వణికిందేమో, ఆయన చూడలేదు. ఇన్నాళ్లూ ఆవిడకు భయం లేదనే అనుకున్నారు ఆయన. భయం లేని మొండిది కాబట్టే నోరు అంత లేస్తోందని అనుకున్నారు. ఆవిడ భయపడుతూనే దారాన్ని ఒక్కో చుట్టూ విప్పింది. బల్లమీద పెట్టింది.

"వెయ్యను సార్," అంది. ఇంకోసారి అంది. "వెయ్యను."

డైరెక్టరు ఆవిడతో మాట్లాడలేదు. పెంచలనరసింహం వైపు తిరిగి, "చీటీ బయటే ఉందని మీరు రాయండి. ముద్ర ఉంది కదా," అన్నారు.

ఆ క్షణంలో తనకేమైందో మాస్టారు ఇప్పటికీ చెప్పలేరు. ముద్ర చేతిలోకి తీసుకున్నది గుర్తుంది. దాన్ని ఇంకులో అద్దకుండానే బల్లమీద పెట్టేసింది గుర్తుంది. "అది ఎక్కడుందో నాకు తెలియదు సార్," అని అన్నది గుర్తుంది. నలభై రెండేళ్ల జీవితంలో, పైవాడి ముందు నిలబడి, తెలియదని ఆయన అనడం అదే మొదలు. డైరెక్టరు మళ్లీ అడిగారు, మళ్లీ అదే చెప్పారు. తరువాత కత్తెర తీసుకుని మూట తాడు తానే కోశారు. మూడు రోజుల పని ఊపిరి పీల్చుకున్నట్టు బల్లమీద పొంగి విచ్చుకుంది. మస్తాన్‌బీ కోటు చేతులు సరిచేసుకుని, మొదటి మడత దగ్గర చెయ్యి పెట్టింది.

మాస్టారు అక్కడ ఆపేశారు.

ఇంకా ఏదో చెబుతారనుకుంది యామిని. చెప్పకపోయేసరికి ఆగలేక అడిగింది. "దొరికిందా మాస్టారూ? రెండోసారి చీటీ లోపలే ఉందా?"

"ఉందంటే ఆ కాగితం చింపేస్తావు. లేదంటే సంతకం పెడతావు. అంతేనా?"

యామినికి మొహం కందిపోయింది. కోపం కూడా వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. పొద్దున్నుంచి తనకు వినయం నేర్పినవాళ్లంతా ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాల్వు లోపల ఎలా ఉందో తెలియదన్నవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. అందరికీ తెలుసు. ఎవరూ చూడలేదు, అందరికీ తెలుసు. తనొక్కతే తెలియదంది, అందుకని తనదే పొగరైంది. ఆ మాట పైకి అనబోయి, అనవలసిన చోటు ఇది కాదని ఊరుకుంది.

మడతలు విప్పి కాగితం బల్లమీద పరిచింది. సంతకం కోసం ఖాళీ ఉంచిన చోట, "ఉపసంహరించుకోవడం లేదు. వాల్వు లోపల ఏముందో నాకు తెలియదు. విప్పి చూడాలి," అని రాసింది. కింద పూర్తి పేరు రాసి సంతకం చేసింది. అక్షరాలు కొంచెం వంకరపోయాయి. గడియారంలో మూడూ ఇరవై అయింది. లేచి, కుర్చీ సర్ది, తలుపు దాకా వెళ్లి ఆగింది.

"విప్పాక ఏమీ లేకపోతే అందరూ నవ్వుతారు మాస్టారూ."

"నవ్వనీ తల్లీ," అన్నారు పెంచలనరసింహం మాస్టారు. "ఆ ముగ్గురు కూడా తిరిగొచ్చి నవ్వనీ."